డ్రెస్ మనమే కుట్టుకోవాలంటే ఏ క్లాసులో చేరాలి? ముందు కత్తెర ఎవరు పడతారో అడగండి

నేను టైలర్‌ని కాదు, ముందే చెప్పేస్తున్నా. నా డ్రెస్ నేనే కుట్టుకోవాలన్న పిచ్చితో ఒక వర్క్‌షాప్‌కి వెళ్లి, తర్వాత ఒక టైలర్ దగ్గర కొన్నాళ్లు కూర్చుని, చివరికి వారానికోసారి జరిగే క్లాసులో చేరి గట్టెక్కాను. ఇప్పుడు నేను కుట్టినవి వేసుకుని బయటికి వెళ్తున్నా, ఎవరూ వింతగా చూడట్లేదు, నాకది చాలు. ఈమధ్య తెలిసినవాళ్లు ఎవరో ఒకరు "నేనూ నేర్చుకుందామనుకుంటున్నా, ఎక్కడ చేరమంటావ్?" అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నా.

మొదటి వర్క్‌షాప్ సంగతి చెప్తే అసలు విషయం అర్థమవుతుంది. శని, ఆదివారాలు రెండే రోజులు, ఆదివారం సాయంత్రానికి డ్రెస్ చేతికొస్తుందన్నారు. వెళ్లేసరికి ఒక్కొక్కరి టేబుల్ మీద గుడ్డ ముక్కలు ముందే కత్తిరించి, సైజు చీటీ పెట్టి, కట్ట కట్టి ఉన్నాయి. మేం చేసిందల్లా గీసిన గీత వెంబడి మిషన్ నడపడం. జిప్ దగ్గరికొచ్చేసరికి టైమ్ లేదని నేర్పే ఆవిడే నా చేతిలోంచి తీసుకుని చకచకా వేసేశారు. సాయంత్రం అందరం డ్రెస్సులేసుకుని ఫొటో దిగాం. బాగుంది, కాదనను. వారం తర్వాత మూడు మీటర్ల కాటన్ కొనుక్కొచ్చి, నేల మీద పరిచి, కత్తెర పట్టుకుని కూర్చున్నా. మెడ ఎంత లోతు తియ్యాలి, చంక ఎంత గుండ్రంగా రావాలి, కుట్టుకి ఎంత వదలాలి, ఒక్కటీ తెలీదు. పావుగంట అలాగే చూసి గుడ్డ మడతపెట్టి బీరువాలో పెట్టేశా. రెండు రోజుల్లో నేను నేర్చుకుంది ఆ ఒక్క డ్రెస్ కుట్టడం, అదీ వేరేవాళ్లు కత్తిరించి ఇస్తే.

అందుకే ఇప్పుడు ఎవరు ఏ క్లాసు గురించి చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: గుడ్డ మీద కత్తెర ఎవరు వేస్తారు? దాని వెనకే ఇంకోటి: కుట్టాక ఒంటి మీద సరిచేసేది ఎవరు? ఈ రెండు పనులూ మీ చేత చేయించే క్లాసు ఏదైనా సరే, కాస్త గదులు ఇరుగ్గా ఉన్నా, మిషన్లు పాతవైనా చేరిపోవచ్చు. ఈ రెండూ వాళ్లే చేసి పెట్టేస్తే మాత్రం అక్కడ ఎంత అందమైన డ్రెస్ చేతికొచ్చినా రెండో డ్రెస్ రాదు.

మిషన్ మీద కుట్టడమే తేలిక

కొత్తవాళ్లకి మిషన్ అంటేనే టెన్షన్. నిజానికి డ్రెస్ అనే పనిలో అన్నిటికన్నా తొందరగా వచ్చేది అదే. తిన్నగా కుట్టడం రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది, వంపులు ఇంకో వారం. అసలు పని దాని ముందూ వెనకా ఉంది: కొలతలు తీయడం, ఆ కొలతల్ని కాగితం మీదికో గుడ్డ మీదికో దించడం, గుడ్డని సరైన దిక్కులో పరిచి కత్తిరించడం, సగం కుట్టాక వేసుకుని ఎక్కడ పట్టేస్తోందో ఎక్కడ ఉబ్బుతోందో చూసి సరిచేయడం, ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, పక్క కుట్లు పడగానే డ్రెస్ అయిపోదు.

ఎందుకంత జాగ్రత్త అంటే ఒక చిన్న లెక్క చూడండి. మార్జిన్ (కుట్టు కోసం అంచున వదిలే గుడ్డ) 1.5 సెంటీమీటర్లు వదిలి కత్తిరించారు, కుట్టేటప్పుడు చెయ్యి జరిగి 3 మిల్లీమీటర్లు లోపలికి పడింది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ కుట్టులో రెండు పొరలుంటాయి కాబట్టి పోయేది 6. రెండు పక్కలు, వెనక మధ్యలో జిప్ కుట్టు, మొత్తం మూడు కుట్లకి 18 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు సెంటీమీటర్లు చాతీ దగ్గర బిగిసిపోయాయి. "కొలత సరిగ్గానే తీశా, ఎందుకు పట్టట్లేదు?" అని కొత్తవాళ్లు తల పట్టుకునేది సాధారణంగా ఇక్కడే. ఇది చెప్పి, స్కేలు పెట్టి మీ కుట్టుని కొలిచి చూపించే మనిషి పక్కనుంటే మీ మొదటి ఆరు నెలలు మిగులుతాయి.

ఇక ఒక్కొక్క దారీ చూద్దాం.

ఒకరోజు, రెండురోజుల వర్క్‌షాప్

పైన చెప్పింది చదివి ఇది పూర్తిగా దండగ అనుకోకండి. ఇంతవరకూ మిషన్ ముట్టుకోనివాళ్లకి, అసలు ఈ పని మనకి నచ్చుతుందా లేదా తేల్చుకోవడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు. గంటల తరబడి వంగి కూర్చోవడం, వేసిన కుట్టు విప్పడం, మళ్లీ వేయడం, ఇవి కొందరికి హాయిగా ఉంటాయి, కొందరికి పది నిమిషాల్లో తలప్రాణం తోకకొస్తుంది. ఆ సంగతి రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

అయితే డ్రెస్ వర్క్‌షాప్ కన్నా సంచి, దిండు గలీబు లాంటి చిన్న వస్తువుల వర్క్‌షాప్ మేలు అని నా అభిప్రాయం. వాటిల్లో కటింగ్ కూడా మీ చేతే చేయిస్తారు, చతురస్రమే కాబట్టి టైమ్ సరిపోతుంది. డ్రెస్‌కి ఆ టైమ్ ఎక్కడుంది? పూర్తిగా కొత్తవాళ్లు కొలతల నుంచి కింద అంచు మడత దాకా అన్నీ తామే చేస్తే నా లెక్కలో 15 గంటలకి తక్కువ పట్టదు. రెండు రోజుల్లో చేతికిస్తామన్నారంటే మధ్యలో కొన్ని పనులు వాళ్లే చేసేస్తున్నారని అర్థం. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లని అడగాల్సింది "ఏ పనులు మీరు చేస్తారు?" అని.

వారానికోసారి, బ్యాచ్‌లో, ఒకే డ్రెస్ పూర్తయ్యేదాకా

నన్ను గట్టెక్కించింది ఇదే కాబట్టి నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

దీని గొప్పతనం టీచర్లో ఎంతుందో మధ్యలో వచ్చే ఆరు రోజుల్లో అంతుంది. క్లాసులో చంక దాకా వచ్చి ఆగుతారు, ఇంటికెళ్లి ఆ వారమంతా ఏది ఎందుకు అలా చేశామో బుర్రలో తిరుగుతుంది, వీలుంటే పాత దుప్పటి ముక్క మీద మళ్లీ చేసి చూస్తారు, వచ్చే వారం అనుమానాలతో వెళ్తారు. వర్క్‌షాప్‌లో అనుమానం పుట్టేలోపే పని అయిపోతుంది. రెండు గంటల చొప్పున ఎనిమిది వారాలంటే 16 గంటలు, పైన చెప్పిన లెక్కకి సరిగ్గా సరిపోతుంది. నాలుగు వారాల్లో డ్రెస్ అంటే అది కుదరాలంటే ఇంటి దగ్గర చాలా పని చేయాలి, మీకు ఇంట్లో మిషన్ ఉందా?

బ్యాచ్‌లో ఎంతమంది అనేది తప్పకుండా అడగండి. రెండు గంటల క్లాసులో పన్నెండు మందుంటే టీచర్ మీ దగ్గర ఉండేది పది నిమిషాలు. ఆరుగురైతే ఇరవై. ఆ తేడా ఫిటింగ్ రోజున బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ రోజు అందరికీ ఒకేసారి టీచర్ కావాలి, గుండుసూదులు గుచ్చుకుని కదలకుండా వరసలో నిలబడాలి.

మా క్లాసులో నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. చేతులున్న డ్రెస్ అది (మొదటిసారే చేతులు పెట్టుకోవద్దని టీచర్ చెప్పారు, వినలేదు). రెండు చేతులూ కత్తిరించా, ఒకదాని తర్వాత ఒకటి, గుడ్డ మడవకుండా, ప్యాటర్న్ (ముక్క ఆకారం గీసిన కాగితం) తిప్పకుండా. అంటే రెండూ ఎడమ చేతులే వచ్చాయి. ఆ సంగతి తెలీకుండా రెండోది కూడా కుడి చంకకి కుట్టేశా. వేసుకుంటే కుడి చెయ్యి ముందుకి చాపితే భుజం దగ్గర గుడ్డ మెలి తిరుగుతోంది. టీచర్ ఏమీ అనలేదు, చెయ్యి ముక్క అంచులో వేసిన చిన్న గాట్లు చూపించారు. ముందు వైపు ఒక గాటు, వెనక వైపు రెండు. నా కుడి చంకలో ముందు వైపుకి రెండు గాట్లు వచ్చి కూర్చున్నాయి. ఆ గాట్లు దేనికో నాకు అంతకుముందే చెప్పారు, రాసుకున్నా కూడా, కానీ కుట్టు మొత్తం విప్పిన ఆ సాయంత్రం తర్వాత మాత్రమే అవి నాకు కనిపించడం మొదలైంది.

విప్పి, కొత్త చెయ్యి కత్తిరించి, మళ్లీ బిగించేటప్పుడు ఇంకో తలనొప్పి. చెయ్యి ముక్క పైన గుండ్రం అంచు పొడవు, చంక చుట్టుకొలత కన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువే ఉంటుంది, కావాలనే అలా గీస్తారు, భుజం ఎముక మీద గుడ్డ ఒదగాలి కదా. ఆ ఎక్కువని కుచ్చులు పడకుండా లోపల ఇమడ్చాలి. దానికి పొడుగు కుట్టు పెట్టి, 4 మిల్లీమీటర్లంత, అంచు దగ్గర రెండు వరసలు వేసి, కింద దారం మెల్లగా లాగుతూ పోతే గుడ్డ గిన్నెలా వంపు తిరుగుతుంది. అప్పుడు చంకలో పెట్టి గుండుసూదులు గుచ్చి, చెయ్యి ముక్క కింద వైపుకి ఉండేలా మిషన్ మీద పెడితే కింద గుడ్డని లాగే పళ్లే ఆ ఎక్కువ గుడ్డని మింగేస్తాయి. ఇది చదివితే సగమే అర్థమవుతుంది. పక్కన నిలబడి వేలు ఎక్కడ పెట్టాలో చూపిస్తే ఒక్కసారికే వస్తుంది. ఇలాంటి చోట్ల కోసమే క్లాసుకి వెళ్లేది.

ఈ క్లాసులో లోపాలూ ఉన్నాయి. ఒక వారం తప్పితే వెనకబడతారు. బ్యాచ్‌లో ఒకరిద్దరు చాలా నెమ్మదైతే అందరూ ఆగాలి. అందరికీ ఒకే మోడల్ ఇస్తే అది మీకు నచ్చకపోవచ్చు కూడా. అయినా సరే అంటాను.

టైలర్ దగ్గర కూర్చుని నేర్చుకోవడం

పాతకాలం పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతే, కానీ అందరికీ కాదు. పని తెలిసిన టైలర్ ప్యాటర్న్ కాగితం వాడరు. ఆది డ్రెస్ పక్కన పెట్టుకుని, టేపు మెడలో వేసుకుని, చాక్‌తో నేరుగా గుడ్డ మీద నాలుగు గీతలు గీసి కత్తెర వేసేస్తారు. చూస్తుంటే మంత్రంలా ఉంటుంది. ఎందుకలా గీశారని అడిగితే "అంతే వస్తది" అంటారు. తప్పు వాళ్లది కాదు, ఇరవై ఏళ్ల చేతివాటం మాటల్లో పెట్టడం కష్టం.

నేను కూర్చున్న చోట మూడు వారాలు నాకు దొరికింది హెమ్మింగ్, హుక్కులు, దారాలు కత్తిరించడం. ఆర్డర్ల ఒత్తిడి ఉన్న చోట నేర్చుకునేవాళ్లు చివరికి చేతికింద మనిషి అయిపోతారు. మానేశా. కానీ ఆ మూడు వారాల్లో ఒకటి మాత్రం పట్టుబడింది, గుడ్డని చూడటం. ఆయన గుడ్డ తీసుకోగానే నిలువుకి ఒకసారి, అడ్డానికి ఒకసారి, మూలకి ఒకసారి లాగి చూసేవారు. పడుగు (నిలువు దారాల) దిక్కున గుడ్డ సాగదు, పేక (అడ్డ దారాల) దిక్కున కొంచెం ఇస్తుంది, 45 డిగ్రీల ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. డ్రెస్ ముక్కలు పడుగు వెంట పెట్టకుండా, గుడ్డ మిగుల్చుకుందామని వంకరగా పెట్టి కత్తిరిస్తే నాలుగు ఉతుకులకి ఒక పక్క కిందికి జారి, పక్క కుట్టు కాలు చుట్టూ మెలి తిరుగుతుంది. ఇంకా ఆ ఏటవాలు సాగే గుణం వల్లే మెడ చుట్టూ వేసే పైపింగ్‌కి క్రాస్ ముక్కలే తీస్తారు, తిన్న ముక్క అయితే వంపు తిరగదు.

కాబట్టి మీకు మిషన్ ముందే వచ్చి ఉండి, కటింగ్ మాత్రమే కావాలంటే, విడిగా గంటకింత అని మాట్లాడుకుని టైలర్ దగ్గర నేర్చుకోవడం చాలా లాభం. అసలేమీ రాకుండా వెళ్తే హుక్కులే.

నెలల తరబడి కోర్సు, చివర్లో సర్టిఫికెట్

దీనిమీద ఎక్కువ చెప్పను, నేను చేయలేదు. చేసినవాళ్లు దగ్గరివాళ్లు ఉన్నారు, వాళ్ల నోట్‌బుక్కులు చూశా. ముందు దారం లేకుండా కాగితం మీద గీతలు కుట్టిస్తారు, తర్వాత రకరకాల కుట్ల శాంపిల్స్, జేబులు, కాలర్లు, ప్లాకెట్లు, నోట్‌బుక్‌లో నాలుగో వంతు సైజులో డ్రాఫ్టింగ్ (కొలతలతో ముక్కల ఆకారం గీయడం). ఒంటి మీద వేసుకునే డ్రెస్ రావడానికి చాలాకాలం పడుతుంది. దీన్ని బతుకుతెరువుగా చేసుకోవాలనుకుంటే ఇదే సరైనది, వేరే ఆలోచన వద్దు. నా డ్రెస్ నేను కుట్టుకుంటే చాలు అనుకునేవాళ్లు మాత్రం మధ్యలో మానేసే అవకాశం ఎక్కువ, ఎందుకంటే పదహారో శాంపిల్ జేబు కుట్టేటప్పటికి ఎందుకు చేరామో మర్చిపోతారు.

ఆన్‌లైన్‌లో

రికార్డ్ చేసిన పాఠాల్లో ఒక సుఖం ఉంది: వెనక్కి తిప్పి పదిసార్లు చూడొచ్చు. జిప్ వేయడం, మెడకి ఫేసింగ్ (అంచు లోపలివైపు వేసే పట్టీ) తిప్పడం లాంటివి క్లాసులో వెనక బెంచీ నుంచి చూసేదానికన్నా వీడియోలోనే బాగా కనిపిస్తాయి, కెమెరా సరిగ్గా చేతుల మీదే ఉంటుంది కాబట్టి.

ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. ఒకటి మిషన్ మొండికేసినప్పుడు. కొత్తవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు గుడ్డ కింద దారం గూడు కట్టేస్తుంది. కింద కట్టింది కదా అని బాబిన్ (కింద దారం చుట్టిన చిన్న రీలు) తీసి, బాబిన్ కేస్ స్క్రూ తిప్పి, నూనె వేసి గంట గడుపుతారు. చాలాసార్లు తప్పు పైదారంలో ఉంటుంది: ప్రెషర్ ఫుట్ (గుడ్డని నొక్కిపట్టే పాదం) దించి ఉంచి దారం ఎక్కించారు, అప్పుడు దారాన్ని బిగించి పట్టే పైనున్న టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి వెళ్లదు, పట్టు లేని దారమంతా కిందికి పోయి గూడు కడుతుంది. ఫుట్ పైకెత్తి దారం మొత్తం మళ్లీ ఎక్కిస్తే నిమిషంలో పోయే సమస్య. పక్కన మనిషుంటే చూడగానే చెప్పేస్తారు. వీడియోకి మీ మిషన్ కనపడదు.

రెండోది మీ వీపు. మీ వీపు మీకు కనిపించదు. డ్రెస్ తిరగేసి వేసుకుని గుడ్డ ఎక్కడ ఎక్కువుందో పట్టుకుని గుండుసూది గుచ్చడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అద్దం వైపు తిరిగితే నడుము మెలి తిరిగి ఆ కొలతే మారిపోతుంది. ఆన్‌లైన్‌లోనే నేర్చుకోవాలనుకుంటే ఇంకొకరిని కూడా చేర్పించండి, ఒకరి వీపు ఒకరు చూసుకోవచ్చు. ప్రత్యక్షంగా మాట్లాడే ఆన్‌లైన్ క్లాసైతే మీ కెమెరా మీ చేతుల మీద పెట్టనిస్తారో, ఫిటింగ్ ఫొటోలు చూసి చెప్తారో లేదో కనుక్కోండి. మీరు చూడటమే తప్ప మీవి వాళ్లు చూడకపోతే అది రికార్డింగ్‌తో సమానం, ఫీజు మాత్రం క్లాసుది.

ప్యాటర్నా, డ్రాఫ్టింగా?

క్లాసుల్లో ఇవి రెండు దారులు, చేరేముందు ఏదో తెలుసుకోవాలి. సైజులవారీగా కాగితం ప్యాటర్న్‌లు అమ్మడం 1863లో అమెరికా టైలర్ ఎబెనీజర్ బటరిక్‌తో మొదలైంది, అప్పట్నుంచీ ఇంట్లో కుట్టుకునేవాళ్లకి అదో పెద్ద దన్ను. రెడీమేడ్ ప్యాటర్న్‌తో నేర్పే క్లాసులో తొందరగా డ్రెస్ దాకా వెళ్తారు. మొదటి నుంచీ మీ కొలతలతో గీయించే క్లాసులో మొదటి రెండు మూడు వారాలు కాగితం మీదే గడుస్తాయి, విసుగొస్తుంది, కానీ తర్వాత ఏ డ్రెస్ చూసినా ఎలా గీశారో అర్థమవుతుంది.

నా సలహా: మొదటి డ్రెస్‌కి ప్యాటర్న్, రెండోదానికి డ్రాఫ్టింగ్. ప్యాటర్న్ వాడేటప్పుడు రెండు చోట్ల చాలామంది దెబ్బ తింటారు. షాపులో కొనే డ్రెస్ సైజు నంబరు, ప్యాటర్న్ సైజు నంబరు ఒకటి కావు, చాతీ, నడుము, హిప్ కొలతలు టేపుతో తీసి పట్టిక చూసే ఎంచుకోవాలి. ఇంకోటి మార్జిన్. కవర్లలో వచ్చే పెద్ద కంపెనీల ప్యాటర్న్‌లలో సాధారణంగా 1.5 సెంటీమీటర్ల మార్జిన్ కలిపే ఉంటుంది. బుర్దా అనే జర్మన్ కుట్టు పత్రికలో వచ్చేవాటిలో మామూలుగా మార్జిన్ ఉండదు, మనమే కలపాలి. అది చూసుకోకుండా గీత మీదే కత్తిరిస్తే ఆ డ్రెస్ మీకు పట్టదు, ఎవరికైనా ఇచ్చేయడమే.

ఒకటి గుర్తుంచుకోండి, కొలత ఎంతో డ్రెస్ అంతే ఉండకూడదు. చాతీ 36 అంగుళాలైతే సాగని గుడ్డలో డ్రెస్ చాతీ 38 నుంచి 40 దాకా ఉండాలి, ఊపిరి పీల్చాలి, చెయ్యి ఎత్తాలి. ఆ వదులు ఎంత ఇవ్వాలో నేర్పే క్లాసు నిజంగా నేర్పే క్లాసు.

వాళ్ల మిషనా, మీ మిషనా

వాళ్ల దగ్గర ఏ మిషన్ ఉందో చూడండి. ఇండస్ట్రియల్ మిషన్లు నిమిషానికి 4,000, 5,000 కుట్లు వేయగలవు. ఇంట్లో వాడేవి వెయ్యికి అటూ ఇటూ. పెద్ద మిషన్ మీద నేర్చుకుంటే మొదట్లో కాలు పెట్టగానే గుడ్డ చేతిలోంచి లాక్కుపోతుంది, భయమేసి మానేసినవాళ్లున్నారు. దానిమీద చెయ్యి తిరిగితే ఇంకే మిషనైనా ఆటబొమ్మే అనేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో కుట్టుకోవడమే ఉద్దేశమైతే ఇంటి మిషన్ మీదే నేర్చుకోండి, వీలైతే మీ మిషనే మోసుకెళ్లండి. సొంత మిషన్ ఇంకా కొనకపోతే క్లాసు సగం అయ్యేదాకా కొనొద్దు. తిన్న కుట్టు, జిగ్‌జాగ్, గుండీ కాజా, ఇవి ఉంటే డ్రెస్‌కి చాలు. వంద డిజైన్ల కుట్లున్న మిషన్ కొన్నవాళ్లు ఆ వందలో ఎన్ని వాడారో అడిగి చూడండి.

మొదటి డ్రెస్ ఏది ఒప్పుకోవాలి

క్లాసువాళ్లు మోడల్ మిమ్మల్నే ఎంచుకోమంటే ఆశకి పోకండి. చేతుల్లేని, కింద కొంచెం వెడల్పయ్యే ఎ-లైన్ డ్రెస్, తల మీంచి దూరేంత మెడ, జిప్ లేకుండా. గుడ్డ మధ్యరకం మందంలో కాటన్, సాదాది గానీ చిన్న చిన్న ప్రింట్‌ది గానీ. గళ్లు, చారలు వద్దు, పక్క కుట్ల దగ్గర కలపలేక ఏడుస్తారు. జారే గుడ్డలు, శాటిన్ లాంటివి, వద్దే వద్దు, కత్తెర కింద పాములా జారతాయి. సాగే గుడ్డకి సూదే వేరు, మొన గుండ్రంగా ఉండేది కావాలి, దాన్ని తర్వాత చూసుకోవచ్చు. కాటన్‌కి 80/12 సైజు సూది, 2.5 మిల్లీమీటర్ల కుట్టు, అంతే.

110 సెంటీమీటర్ల పన్నాలో మోకాళ్ల దాకా వచ్చే డ్రెస్‌కి రెండున్నర మీటర్లు చూసుకోండి, మూడు తీసుకుంటే తప్పు చేసే వీలుంటుంది. కత్తిరించేముందు ఉతికి ఆరేయాలి. కాటన్ వందకి ఐదు వంతులు కుంచించుకుందనుకోండి, మూడు మీటర్లకి 15 సెంటీమీటర్లు పోయినట్టు. క్లాసు మొదటి రోజు "గుడ్డ ఉతికి తీసుకురండి" అని చెప్పే టీచరైతే నాకు అప్పుడే సగం నమ్మకం వచ్చేస్తుంది. ఇంకో మంచి గుర్తు, అసలు గుడ్డ ముట్టుకునేముందు పాత దుప్పటితోనో చవక గుడ్డతోనో నమూనా కుట్టించి ఒంటి మీద చూడటం. దానికి ఒక వారం అదనంగా పోతుంది, పోనివ్వండి.

మరి ఎవరు ఎటు వెళ్లాలి

ఎప్పుడూ సూదిలో దారం ఎక్కించనివాళ్లు ముందు ఒక చిన్న వర్క్‌షాప్, అదీ సంచిదో గలీబుదో, నచ్చితే వెంటనే వారం వారం క్లాసు. మిషన్ కొంచెం వచ్చు, కటింగ్ అంటే భయం అనేవాళ్లు నేరుగా వారం క్లాసు, లేదా టైలర్‌తో విడిగా ఓ పది గంటలు మాట్లాడుకోవడం. షిఫ్టు పని, చిన్నపిల్లలు, వారానికో రోజు కూడా ఖాళీ దొరకదు అనేవాళ్లకి ఆన్‌లైన్, కానీ ఫిటింగ్ రోజు మాత్రం ఎవరో ఒక మనిషి ఎదురుగా ఉండేలా చూసుకోండి. కొట్టు పెట్టాలనుకుంటే పెద్ద కోర్సు. రెడీమేడ్ డ్రెస్సులు ఎక్కడా సరిగ్గా పట్టవు, ఒళ్లు ఒక సైజులో ఇమడదు అనే బాధతో నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం ఫీజు ఎంతైనా ఫిటింగ్‌కి టైమ్ ఇచ్చే చిన్న బ్యాచ్‌లోనే చేరండి, మిగతా అన్నిచోట్లా మీకు మళ్లీ ఆ రెడీమేడ్ డ్రెస్సే ఇంకోసారి కుట్టిస్తారు.

ఇంకా తేలకపోతే డబ్బు కట్టేముందు ఒక క్లాసు జరిగేటప్పుడు వెళ్లి అరగంట కూర్చుంటానని అడగండి, చాలామంది కాదనరు. గోడకి తగిలించిన డ్రెస్సుల జోలికి పోకండి, అవి టీచర్ కుట్టినవి. ఇస్త్రీ పెట్టె వేడిగా ఉందా, దాని దగ్గర ఎవరైనా నిలబడి ఉన్నారా చూడండి. ఎవరైనా కుట్టు విప్పుతూ కనిపిస్తే పక్కన కూర్చుని ఎందుకు విప్పుతున్నారో అడగండి, కారణం చెప్పగలిగితే అక్కడ నేర్పుతున్నట్టే. వచ్చేముందు టేబుళ్ల కింద ఒకసారి చూడండి. చంకల దగ్గర తీసేసిన అర్ధచంద్రాల్లాంటి గుడ్డ పీలికలు, తప్పు కత్తిరించిన ముక్కలు నేలంతా పడి ఉంటే అక్కడ కత్తెర నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉంది. నేల అద్దంలా మెరుస్తుంటే ఇంకోచోట వెతుక్కోండి.